మాగాయ వచ్చినవాళ్లకి ఉమెబోషి సగం వచ్చినట్టే

జపాన్ వంటిల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జూన్ వచ్చిందంటే జపాన్ సూపర్‌మార్కెట్లలో అడుగు పెట్టగానే పచ్చటి కాయల సంచులు, వాటి పక్కన కలకండ పొట్లాలు, ఎర్ర మూత వేసిన 4 లీటర్ల గాజు సీసాలు కనిపిస్తాయి. ఆ కాయల పేరు ఉమె. అక్కడి వానల రోజులకి ‘త్సుయు’ అని పేరు. రాతలో మాత్రం ‘ఉమె’ అక్షరం, ‘వాన’ అక్షరం పక్కపక్కన పెడితే ‘త్సుయు’ అని చదువుతారు. కాయ పండడం, ముసురు పట్టడం ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఆ పేరు బాగానే కుదిరింది. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉమె గురించే వచ్చాయి.

ప్రశ్న (నిషి కసాయ్, టోక్యో): ఉమె కాయలు చూస్తుంటే మామిడి పిందెల్లా ఉన్నాయి. ఒకటి కొరికితే పులుపు కన్నా చేదు ఎక్కువగా తగిలింది. వీటితో ఆవకాయ పెట్టొచ్చా? కొనాలంటే ఏ వారంలో కొనాలి?

జవాబు: పచ్చికాయ కొరకడం ఇక మానేయండి. ఉమె ఆప్రికాట్‌కి దగ్గర చుట్టం. పచ్చి కాయలో, అంతకన్నా ఎక్కువగా లోపలి గింజలో, అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. అది విడిపోయినప్పుడు సయనైడ్ పుడుతుంది. ఒక్క ముక్క కొరికినందుకు కంగారు పడక్కర్లేదు గానీ, పిల్లల చేతికి మాత్రం అందనివ్వొద్దు. కాయ పండేకొద్దీ, ఉప్పులోనో చక్కెరలోనో మద్యంలోనో నెలల తరబడి ఊరేకొద్దీ అది తగ్గిపోతుంది. అందుకే జపాన్‌లో ఎవరూ ఉమెని పచ్చిగా తినరు.

కొనే రోజులు చేసే పనిని బట్టి మారతాయి. గట్టిగా, నిగనిగలాడే ఆకుపచ్చ కాయ మే చివర్నుంచి జూన్ మధ్య దాకా దొరుకుతుంది. అది సిరప్‌కీ, ‘ఉమెషు’ అనే మద్యానికీ పనికొస్తుంది. పసుపు తిరిగి, పీచ్ పండు వాసన వేసేది జూన్ మధ్య నుంచి జులై మొదటి వారం దాకా వస్తుంది. ఉమెబోషికి, అంటే ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టే ఉమెకి, అదే కావాలి. పచ్చికాయతో ఉమెబోషి పెడితే తోలు గట్టిపడి, ఏడాదైనా మెత్తబడదు. తొందరపడి పచ్చివి కొనేస్తే కాగితం మీద పరిచి, నీడలో 2 నుంచి 4 రోజులు ఉంచండి, పసుపు తిరుగుతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, చలికి తోలు మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి.

రకాల్లో ‘నాన్కో’ది మొదటి స్థానం. తోలు పలచన, కండ ఎక్కువ. వాకయామా రాష్ట్రంలోని మినాబె దాని పుట్టిల్లు. దేశంలో పండే ఉమెలో సగానికి పైగా వాకయామాదే.

ఇక ఆవకాయ. ఉమె టెంకని కత్తిపీట కోయలేదు. కోయకుండా కాయ కాయగా కారం, నూనెల్లో వేస్తే ఉప్పు లోపలికి దిగదు, ఊట రాదు. కాయ పచ్చిది కాబట్టి పైన చెప్పిన చిక్కూ ఉంది. ఉప్పులో వేసి, ఊట తీసి, ఎండబెట్టే మాగాయ పద్ధతే దీనికి సరిపోతుంది. జపాన్ వాళ్ల ఉమెబోషి చేసేది కూడా దాదాపు అదే పని.

ప్రశ్న (ఒసాకా): నిరుడు ఉమెబోషి పెట్టాను. ఇంట్లో బీపీ ఉందని ఉప్పు 10 శాతమే వేశాను. పది రోజులకే పైన బూజు పట్టింది. అంగడిలో 8 శాతం ఉప్పువి అమ్ముతున్నారు కదా, వాటికెందుకు పట్టదు?

జవాబు: అంగట్లో 8 శాతం అని అమ్మేది 8 శాతంతో పెట్టింది కాదు. ముందు 20 శాతానికి అటూ ఇటూగా ఉప్పు వేసి ఊరబెట్టి, ఎండబెడతారు. తర్వాత నీళ్లలో వేసి ఆ ఉప్పు వదిలించి, తేనె, వెనిగర్ లాంటివి పట్టిస్తారు. ఉప్పు తగ్గింది పండు తయారైపోయాక. అందుకే ఆ డబ్బా మీద ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉంటుంది. మీరు మొదట్లోనే తగ్గించారు. పండు నుంచి ఊటని లాగేది ఉప్పే. అది చాలకపోతే ఊట నెమ్మదిగా వస్తుంది, ఈలోగా పైవరస పండ్లు జూన్ ఉక్కలో గాలికి తేలి ఉంటాయి. బూజుకి అంతకన్నా ఏం కావాలి!

మొదటిసారి పెట్టేవాళ్లు కిలో పండుకి 180 గ్రాముల ఉప్పు వేయాలి, అంటే 18 శాతం. 15 కన్నా తగ్గొద్దు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించుకోవాల్సింది తినేటప్పుడు: పండు సగమే తినండి, లేదా తినే నాలుగింటిని ముందు రాత్రి నీళ్లలో నానబెట్టండి.

పెట్టే తీరు ఇది. పండ్లని మెల్లగా కడిగి, ఒక్కొక్కటీ పొడి గుడ్డతో తుడవండి. పసుపు తిరిగినవాటిని నానబెట్టకూడదు. ముచ్చిక దగ్గర నల్లటి చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని వెదురుపుల్లతో పెకలించాలి. ఆ గుంటలో నీటిచుక్క మిగిలితే బూజు అక్కడే మొదలవుతుంది. గాటు పడ్డవి, మెత్తబడ్డవి జామ్‌కి తీసేయండి, జాడీలోకి వద్దు. జాడీ గాజుదో పింగాణీదో అయి ఉండాలి, లేదా జపాన్‌లో ‘హోరో’ అనే ఎనామిల్ డబ్బా. అల్యూమినియం, స్టీలు వద్దు, ఉప్పూ పులుపూ కలిసి లోహాన్ని తినేస్తాయి.

జాడీ లోపల 35 శాతం ‘వైట్ లిక్కర్’తో తుడవండి. అదే మద్యం 2, 3 చెంచాలు పండ్ల మీద చల్లి దొర్లిస్తే ఉప్పు బాగా అంటుకుంటుంది. కల్లుప్పు, పండు ఒక వరస మీద ఒక వరసగా వేస్తూ, పైవరసకి ఉప్పు ఎక్కువ మిగిలేలా చూసుకోండి. పైన ఒక పళ్లెం బోర్లించి, పండు బరువుకి రెట్టింపు, అంటే కిలోకి 2 కిలోల బరువు పెట్టండి. రెండు వరసల సంచిలో నీళ్లు పోసి పెట్టినా చాలు. రెండు మూడు రోజుల్లో ఊట పైకి రావాలి. దాన్ని ‘ఉమెజు’ అంటారు. అయిదో రోజుకీ పండ్లు మునగకపోతే బరువు పెంచండి, రోజూ జాడీని వంచి ఊట పైపండ్లకి తగిలేలా చేయండి. మునిగాక బరువు సగానికి తగ్గించకపోతే పండు చితికిపోతుంది.

ఎర్రరంగు కావాలంటే జూన్ చివర్లో వచ్చే ఎర్ర షిసో ఆకు వేయాలి. కిలో పండుకి కాడలు తీసేసిన ఆకు 150 నుంచి 200 గ్రాములు చాలు. ఆకు బరువులో 20 శాతం ఉప్పు తీసుకుని, అందులో సగం వేసి గట్టిగా పిసికితే నల్లటి మురికి రసం వస్తుంది. పిండి పారబోయండి. మిగతా ఉప్పు వేసి మళ్లీ పిసికి, మళ్లీ పిండండి. ఇప్పుడు ఆ ముద్దని గిన్నెలోకి విడదీసి, జాడీలోని ఊట ఒక గరిటెడు పోయండి. ఊదారంగు ముద్ద మీ కళ్లముందే కుంకుమ ఎరుపులోకి తిరుగుతుంది. పులుపు తగిలితే ఆకులోని రంగు మారుతుందంతే. మొదటి పిండుడు సరిగ్గా చేయకపోతే ఈ ఎరుపు మసకగా వస్తుంది, పండులో వగరు మిగులుతుంది.

ఆ తర్వాత ఎండ. వానలు వెనక్కి తగ్గాక, టోక్యో, ఒసాకా వైపు మామూలుగా జులై మూడో వారం తర్వాత, వరసగా ఎండ కాసే 3 రోజులు చూసుకోండి. దీన్ని ‘దొయోబోషి’ అంటారు. వెదురు చేటలో పండ్లు ఒకదానికొకటి తగలకుండా పరిచి, రోజుకోసారి తిరగేయండి. మిట్టమధ్యాహ్నం తిప్పితే తోలు చేటకి అంటుకుని చిరుగుతుంది, పొద్దున్నే మంచు తడి ఉండగా తిప్పితే సులువుగా వస్తుంది. మొదటి రాత్రి లోపలికి తీసుకోండి, తర్వాతి రెండు రాత్రులు వాన సూచన లేకపోతే మంచులో వదిలేయొచ్చు. మధ్యలో ఒకరోజు వాన పడినా కొంప మునగదు, ఎండ వచ్చాక మిగతా రోజులు పూర్తి చేయండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో వేలాడదీసే వల బుట్టలు 100 యెన్ దుకాణాల్లో దొరుకుతాయి. తోలు రెండు వేళ్లతో పట్టుకుంటే కండ నుంచి విడిగా పైకి రావాలి. అలా వస్తే ఎండింది చాలు.

మాగాయకీ దీనికీ తేడా ఇక్కడే. మనం ఎండిన ముక్కని మళ్లీ ఊటలో వేసి కారం కలుపుతాం. ఉమెబోషిని ఎక్కువమంది ఊట లేకుండా పొడిగానే నిలవ చేస్తారు. అప్పుడే తినొచ్చు గానీ, 3 నెలలు ఆగితే ఉప్పు గరుకుదనం తగ్గుతుంది.

మీ జాడీలో నిరుడు వచ్చిందేమిటో చూడకుండా చెప్పలేం గానీ, ఈసారికి గుర్తు పెట్టుకోండి: ఊట మీద పలచటి తెల్లటి పొరలా తేలేది తరచు ఈస్ట్, నూగుతో గుండ్రంగా లేచేది బూజు. పొర గానీ, చిన్న తెల్ల బూజు గానీ అయితే ఆ భాగం తీసేసి, ఊట వడకట్టి, మరిగించి చల్లార్చండి. పండ్లని వైట్ లిక్కర్‌తో కడిగి, శుభ్రం చేసిన జాడీలో మళ్లీ వేయండి. నల్లది, ఆకుపచ్చది పట్టి లోపలిదాకా పాకితే జాలిపడకుండా పారేయండి.

ప్రశ్న (సైతామా): ఉమెబోషి ఎండబెట్టాక ఊట అర లీటరు మిగిలింది. పారబోయడానికి మనసు రావట్లేదు.

జవాబు: రానివ్వకండి, అది వంటింట్లో నిమ్మరసం, ఉప్పు రెండూ అయిన సరుకు. 18 శాతంతో పెట్టిన ఊట కాబట్టి దాదాపు అంత ఉప్పూ అందులోనే ఉంటుంది. శుభ్రమైన సీసాలో పోసి చీకట్లో పెడితే ఏడాది నిలుస్తుంది. పులిహోరకి భలేగా పనికొస్తుంది: 2 గో బియ్యం (‘గో’ అంటే 180 మిల్లీలీటర్ల కొలత, 150 గ్రాములు) వండి ఆరబెట్టిన అన్నానికి 2 పెద్ద చెంచాలు, అంటే 30 మిల్లీలీటర్లు. అందులోనే 6 గ్రాముల దాకా ఉప్పు వచ్చేస్తుంది, మళ్లీ ఉప్పు వేశారో నోట పెట్టలేరు. చింతపండు అక్కర్లేదు. పోపు ఎప్పటిలాగే. షిసో వేసిన ఎర్ర ఊట కాకుండా తెల్ల ఊట వాడండి, ఎరుపుతో పసుపు కలిస్తే రంగు కంటికి ఇంపుగా ఉండదు.

ప్రశ్న (యొకొహామా): పిల్లల కోసం ఉమె సిరప్ పెట్టాను. వారానికి నురగ కట్టి, మూత తీస్తే బుస్సుమంది. పాడైనట్టేనా?

జవాబు: పులియడం మొదలైంది. సారా వాసన గట్టిగా రాకపోతే కాపాడుకోవచ్చు. కాయలు తీసేసి, సిరప్‌ని ఎనామిల్ గిన్నెలో సన్నసెగ మీద, మరగనివ్వకుండా 15 నిమిషాలు వేడి చేసి, నురగ తీసేయండి. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మద్యం వాసన బాగా తెలుస్తుంటే పిల్లలకి మాత్రం ఇవ్వొద్దు.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: కలకండ కరగక ముందే కాయల పైభాగం రసం తగలకుండా ఉండిపోతుంది. కొలత కిలో కాయకి కిలో కలకండ. తీపి ఎక్కువని చక్కెర తగ్గించేవాళ్లకే ఇలా ఎక్కువగా అవుతుంది. వచ్చేసారి కడిగి తుడిచిన కాయల్ని ఒక రోజంతా ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, అలాగే సీసాలో వేయండి. మంచుకి కాయలోని కణాలు చిట్లి, రసం తొందరగా దిగుతుంది. 150 మిల్లీలీటర్ల వెనిగర్ పోస్తే పులవడం ఇంకా తగ్గుతుంది. రోజుకి రెండుసార్లు సీసాని దొర్లించండి. పది పన్నెండు రోజుల్లో కాయలు ముడుచుకుపోయి, కలకండ పూర్తిగా కరుగుతుంది. అప్పుడు కాయలు తీసేయాలి, ఉంచితే చేదు దిగుతుంది. ఒక వంతుకి నాలుగైదు వంతులు నీళ్లు కలిపి తాగండి.

పెద్దవాళ్ల సంగతికొస్తే, ఉమెషుకి కిలో కాయ, 500 నుంచి 800 గ్రాముల కలకండ, 35 శాతం మద్యం 1.8 లీటర్లు. ఇంట్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ, పోసే మద్యం 20 శాతానికి తగ్గకూడదు, అమ్మకూడదు. 14, 15 శాతం ఉండే సాకేతో పెట్టడం నేరమే అవుతుంది, చాలామంది విదేశీయులకి ఇది తెలియదు.

ప్రశ్న (హైదరాబాద్): మా అబ్బాయి జపాన్ నుంచి ఉమెబోషి డబ్బా పంపాడు. మేం శాకాహారులం. పండే కదా, తినొచ్చా? అబ్బాయి అక్కడ మిసో సూప్ కూడా తాగుతున్నాట్ట.

జవాబు: పండే అయినా, చూడకుండా తినొద్దు. ‘కత్సుఓ ఉమె’ అనే రకంలో ఎండుచేప తురుము కలుపుతారు. తేనెవి అని అమ్మేవాటిలోనూ చేప సారం కలిసినవి ఉంటాయి. డబ్బా ఫోటో అబ్బాయికి పంపి, సరుకుల వరస చదివించండి. అందులో ఉమె, ఉప్పు, షిసో మాత్రమే ఉంటే నిశ్చింతగా తినండి. అలర్జీ వివరాల పెట్టె చూసి తేల్చుకోవడం పెద్ద పొరపాటు. తప్పనిసరిగా రాయాల్సినవాటిలో రొయ్య, పీత, గుడ్డు, పాలు, గోధుమ లాంటివి ఉన్నాయి గానీ, కత్సుఓ చేప లేదు.

మిసో సూప్‌లోనూ సంగతి ఇదే. మిసో సోయా గింజల ముద్దే, సూప్‌కి పోసే ‘దాషి’ అనే నీటిలోనే చేప ఉంటుంది. బౌద్ధ మఠాల వంటలో చేప లేని దాషి ఎప్పటినుంచో ఉంది: లీటరు చన్నీళ్లలో 10 గ్రాముల కొంబు (సముద్రపు నాచు పట్టీ), 3 ఎండు షీటాకే పుట్టగొడుగులు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. కొంబు మీద తెల్లటి పొడి ఉంటుంది. దుమ్మనుకుని కడిగేస్తారు, అందులోనూ రుచి ఉంది, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. పొద్దున పొయ్యి మీద పెట్టి, మరగక ముందే కొంబు తీసేయండి, మరిగితే జిగురు, నాచు వాసన దిగుతాయి. 1908లో కికునయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త గ్లుటమేట్‌ని వేరు చేసి, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టింది ఈ కొంబు నుంచే. గిన్నె సూప్‌కి 160 మిల్లీలీటర్ల దాషి, ఒక పెద్ద చెంచా మిసో, అదీ పొయ్యి కట్టేశాకే కలపాలి. ‘దాషి ఇరి’ అని రాసిన మిసోలో దాషి ముందే కలిసి ఉంటుంది, సాధారణంగా అది చేపదే.

ప్రశ్న (క్యోటో): జూన్ 30న ఇక్కడ ముక్కోణపు తెల్లటి మిఠాయి, పైన ఎర్ర గింజలు, ప్రతి దుకాణంలోనూ కనిపిస్తోంది. గుడ్డు ఉంటుందా? ఇడ్లీపాత్రలో అవుతుందా?

జవాబు: దాని పేరు మినాజుకి, మామూలుగా గుడ్డు ఉండదు. ఏడాది సగం గడిచిన రోజున గుళ్లలో ‘నగోషి నో హరాయె’ అనే శుద్ధి క్రతువు చేస్తారు, ఆ రోజు తినే మిఠాయి ఇది. ముక్కోణం మంచుగడ్డ ముక్కకి గుర్తు. పూర్వం చలికాలపు మంచుని గుంటల్లో దాచి ఎండాకాలం రాజాస్థానానికి తెచ్చేవారు, మామూలు జనానికి అది అందేది కాదు. కాబట్టి పిండితో చేసుకున్నారు. పైన అజుకి గింజలు, మన అలసందలకి దాయాదులు, కీడు పోగొడతాయని నమ్మకం.

ఇడ్లీపాత్రలో చక్కగా అవుతుంది. పళ్లేలు తీసి, అడుగున చిన్న స్టాండు పెట్టండి. 15 సెంటీమీటర్ల చదరపు అచ్చుకి షిరతమకో (జిగురు బియ్యప్పిండి) 40 గ్రాములు, మైదా లాంటి హకురికికో 80, చక్కెర 80, నీళ్లు 280 మిల్లీలీటర్లు, తీపి పట్టించిన అజుకి 120 గ్రాములు. షిరతమకో పలుకులుగా ఉంటుంది కాబట్టి ముందు కొద్ది నీళ్లతో దాన్ని ఒక్కదాన్నే వేళ్లతో నలిపి కరిగించండి. అన్నీ ఒకేసారి కలిపితే ఉండలు పోవు. మిగతావి కలిపి వడకట్టి, 3 పెద్ద చెంచాల పిండి పక్కన పెట్టి, మిగతాది తడి చేసిన అచ్చులో పోయండి. మూతకి గుడ్డ కట్టి, పెద్ద మంట మీద 20 నిమిషాలు ఉడికించండి. పైన చేరిన నీటిని కాగితంతో అద్ది తీసేయడం మరవొద్దు, ఆ నీరు ఉంటే గింజల పొర తర్వాత ఊడి వస్తుంది. గింజలు పరిచి, దాచిన పిండి పోసి, మరో 10 నిమిషాలు. పూర్తిగా చల్లారాకే తడిచాకుతో కోయాలి. వేడి మీద కోస్తే చాకుకి సాగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే బిరుసెక్కుతుంది, ఆ రోజే తినేయండి.

ప్రశ్న (నగోయా): జులైలో ఆఫీసువాళ్లు ఈల్ చేప తినే రోజంటూ పిలుస్తారు. ఏ రోజది? చేప తిననివాళ్లు ఏం చేయాలి?

జవాబు: శరదృతువు మొదలయ్యే రోజుకి (ఆగస్టు 7 ప్రాంతం) ముందు సుమారు 18 రోజుల్ని ‘దొయో’ అంటారు. అందులో 12 జంతువుల లెక్కలో ఎద్దు పేరు పడిన రోజు ఇది. 12 రోజులకోసారి వస్తుంది కాబట్టి కొన్నేళ్లు రెండు పడతాయి: 2025లో జులై 19, 31, 2026లో జులై 26 ఒక్కటే. ఈల్‌ని జపనీస్‌లో ‘ఉనగి’ అంటారు, దానిలాగే ‘ఉ’తో మొదలయ్యేది ఏది తిన్నా మంచిదని వాడుక ఉంది. ఉదోన్ (లావుపాటి గోధుమ నూడుల్స్), ఉమెబోషి, ‘ఉరి’ అనే దోస జాతి కాయలు అన్నీ సరిపోతాయి. ఉదోన్ అడిగితే ఎవరూ వింతగా చూడరు. పులుసులో చేప దాషి ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్న (చిబా): వానల్లో బియ్యానికి పురుగు పడుతోంది. వేపాకు ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: వేపాకు కోసం తిరగొద్దు. జపాన్ వాళ్లు ఎండుమిరపకాయలు వేస్తారు, అదీ ఆశ కొద్దీ చేసే పనే. పని చేసేది చలి: 2 లీటర్ల నీళ్ల సీసాలు కడిగి, బాగా ఆరబెట్టి, బియ్యం నింపి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. 15 డిగ్రీల లోపు ముక్కపురుగు కదలదు. సంచి మీద మర పట్టిన నెల, ఆ నెలలో ఏ పది రోజులో రాసి ఉంటుంది, ఎండాకాలం 3 వారాల్లో అయిపోయే సంచే కొనండి.